కామిక్స్‌తో పాఠం చెబితే పిల్లలు చదవడం మానేస్తారా?

గుణుపురం టీచరు

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మిగిలినవాళ్లది ఒడియా, లేదా సవర అనే గిరిజన భాష. పోయిన నెల ఒక రోజు వాచకం పక్కన పెట్టి, సంత మీద నాలుగు గడుల బొమ్మల కథ నేనే గీసి జిరాక్స్ తీయించి పంచాను. ముసలమ్మ చింతపండు బుట్టతో వస్తుంది. వ్యాపారి తక్కెడలో తూకం వేస్తాడు. ఇద్దరూ వాదించుకుంటారు. నాలుగో గడిలో ముసలమ్మ బుట్ట ఎత్తుకుని వెళ్లిపోతుంది. మాటల బుడగలన్నీ ఖాళీ, పిల్లలే నింపాలి.

వ్యాసం రాయమంటే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చునేవాళ్లు కూడా బుడగ చాలక అంచుల మీద రాశారు. ఏడాదిగా నోరు విప్పని ఒక సవర అమ్మాయి మూడో గడిలో సవర మాటలు తెలుగు అక్షరాల్లో రాసింది. తప్పని కొట్టేయాలో, మార్కు వేయాలో తెలియక ఆ కాగితం దాచుకున్నాను. స్టాఫ్ రూములో మాత్రం చీవాట్లు పడ్డాయి. "పరీక్షలో బుడగలిస్తారా అమ్మా?" అన్నారు ఒక పెద్దాయన. మీరేమంటారు? కొనసాగించనా, మానేయనా?

బరంపురం నాన్న

మీ ఉద్దేశం మంచిదే టీచరమ్మా. కానీ మావాడు ఫోన్లో బొమ్మలు చూసీ చూసీ రెండు పేరాలు చదవమంటే ఆవులిస్తున్నాడు. చదివేది ఒడియా మీడియం, తెలుగుకు వారానికి నాలుగు పీరియడ్లు. వాటిలో రెండు బొమ్మలకు పోతే వాడు "క్ష" ఎప్పుడు నేర్చుకుంటాడు? నాకదే టెన్షన్.

పర్లాకిమిడి పాతకాపు

ముప్పై ఏళ్లు బడిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా చెబితే ఏమీ అనుకోకండి. కామిక్స్ చదివితే పిల్లలు నేరస్తులవుతారని 1954లో అమెరికాలో వెర్థమ్ అనే మానసిక వైద్యుడు ఏకంగా పుస్తకమే రాశాడు. నేనంత దూరం పోను. నా అభ్యంతరం వేరు.

మేం చందమామ చదివి పెరిగాం. 1947 జూలైలో మొదలైన పత్రిక, ఒడియాలో జహ్నమామూ పేరుతో వచ్చేది. ఇంట్లో తెలుగుది, పక్కింట్లో ఒడియాది, రెండింట్లోనూ అవే బొమ్మలు. ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు మన పక్కనున్న శ్రీకాకుళం మనిషే. కానీ ఆ కథల్లో బొమ్మ వాక్యానికి తోడుగా ఉండేది. భేతాళుడు చెట్టు మీదికి ఎగిరిపోవడం ఒక్క బొమ్మలో చూసేవాళ్లం, తక్కిన అడవంతా మేమే ఊహించుకునేవాళ్లం. కామిక్‌లో ఆ అడవి కూడా వాళ్లే గీసి చేతికిస్తారు. ఇక పిల్లాడికి మిగిలే పనేమిటి?

ఇంకొకటి. బొమ్మ అందరికీ ఒకేలా అర్థం కాదు. 1949లో శంకర్ వేసిన కార్టూన్ ఒకటి ఎన్సీఈఆర్టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉండేది. రాజ్యాంగ రచన నత్తలా నడుస్తోందని చెప్పే బొమ్మ. నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. 2012లో పార్లమెంటులో గొడవైంది, ఆ పుస్తకం సలహాదారులిద్దరు రాజీనామా చేశారు. పెద్దవాళ్లే తలోరకంగా చూశారు, ఆరో తరగతి పిల్లలు ఎలా చూస్తారో ఎవరు చెప్పగలరు?

గుణుపురం టీచరు

మాస్టారూ, తలోరకంగా చూస్తేనే కదా తరగతిలో మాట పుట్టేది! అయినా మీరున్నది పర్లాకిమిడి. 1880లో ఆ ఊరి బడిలో మాస్టరుగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. వాడుక భాష కోసం పోరాడితే భాష చెడిపోతుందని అప్పుడూ అన్నారు.

పర్లాకిమిడి పాతకాపు

గిడుగు వారిని నా మీదికి తోలకండి టీచరమ్మా! ఆయన వాక్యాన్ని మార్చమన్నారు, తీసేయమనలేదు.

సిరొంచ నుంచి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మా పిల్లలు మరాఠీలో చదివి తెలుగులో కొట్లాడుకుంటారు. నేను ట్యూషన్ చెబుతాను.

2021 మార్చిలో సీబీఎస్ఈ, ఎన్సీఈఆర్టీ కలిసి 3 నుంచి 12వ తరగతి దాకా పాఠాలకు వందకు పైగా కామిక్స్ విడుదల చేశాయి. దీక్షా అనే సర్కారు పాఠాల యాప్‌లో ఉంటాయి. మా దగ్గర సిగ్నల్ నది దాటితేనే మంచిగ దొరుకుతది, అది వేరే కథ.

కామిక్ అంటేనే మంచిదని నేను అనను అక్కా. పాత పురాణాల కామిక్స్ కట్ట ఒకటి దొరికితే పిల్లలకిచ్చిన. దేవుళ్లంతా తెల్లగ, రాక్షసులంతా నల్లగ, ఉంగరాల జుట్టు. ఒక గోండు పోరడు "సార్, ఈ రాక్షసుడు మా దిక్కోడా?" అని అడిగిండు. క్లాసంతా నవ్వింది, వాడు నవ్వలేదు. ఆ కట్ట మళ్లీ విప్పలేదు.

తర్వాత "భీమాయన" తెప్పించిన. అంబేడ్కర్ బతుకు మీద 2011లో వచ్చింది, దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు దంపతులు బొమ్మలు వేసిన్రు. మనుషులను గడుల్లో ఇరికించబోమని చెప్పి, గోండు ఇళ్ల గోడల మీది ముగ్గులతో పేజీలు విడగొట్టిన్రు. మెత్తగా మాట్లాడేవాళ్ల బుడగ పిట్ట ఆకారంల ఉంటది, విషం కక్కేవాళ్ల బుడగకు తేలు తోక. బడిలో చిన్న భీముడికి, అంటే చిన్నప్పటి అంబేడ్కర్‌కు, నీళ్లు పోయనన్న మనిషి మాటకు తేలు తోక చూసి, ఆ పోరడే మరాఠీ వాచకం తెరిచి ఏ మాటకు పిట్ట, ఏ మాటకు తేలు అని గుర్తులు పెట్టుడు మొదలుపెట్టిండు. పాతకాపు సార్, ఆ గుర్తులు పెట్టాలంటే ముందు వాక్యం చదవాలె కదా?

పర్లాకిమిడి పాతకాపు

ఇది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పని చేయించింది మీరు, పుస్తకం కాదు. అదే పుస్తకం ఇచ్చేసి మాస్టరు టీకి వెళ్లిపోతే పిల్లలు బొమ్మలు తిరగేసి మూసేస్తారు. టీచరమ్మ కాగితంలో నాకు నచ్చింది కూడా ఆ ఖాళీయే. అన్నీ నింపి ఇచ్చే రంగు రంగుల కామిక్‌కూ గైడుకూ నాకైతే పెద్ద తేడా కనిపించదు.

అవునూ, ఆ సవర కాగితం చదివించుకున్నారా, దాచి ఊరుకున్నారా?

గుణుపురం టీచరు

చదివించుకున్నాను మాస్టారూ. మా బడి వంటమ్మ సవరే. "నీ రాయి బరువెక్కువ" అని రాసిందట.

నేను ధర కుదరక ముసలమ్మ వెళ్లిపోయినట్టు గీశాను. తెలుగు, ఒడియా పిల్లలంతా ధర గురించే రాశారు. తూకంరాయిలో మోసం ఉండొచ్చని నాకే తట్టలేదు. ఆ అమ్మాయి వాళ్ల నానమ్మ వారం వారం సంతకు చింతపండు తెస్తుందట. సోమవారం మళ్లీ అదే కాగితం ఇస్తున్నాను, ఐదో గడి కలిపి. అందులో వ్యాపారి ఒక్కడే ఉంటాడు, అతని జవాబు రాయాలి. బుడగలో ఒక్క మాట కాదు, మూడు వాక్యాలు. బరంపురం బాబుగారూ, "క్ష" కావాలన్నారుగా, "క్షమించు" అని రాసేవాడు ఒక్కడైనా ఉంటాడేమో చూద్దాం.

బరంపురం నాన్న

ఉండడు. సంతలో ఎవడంటాడు ఆ మాట! ఇంతకీ ఆ అమ్మాయికి మార్కెంత వేశారు?

గుణుపురం టీచరు

ఇంకా వేయలేదండీ. తెలుగు పేపరు కదా.