మలబద్ధకానికి ప్రోబయాటిక్: ఏది, ఎంత, ఎన్నాళ్లు?

ప్రశ్న:
వారానికి రెండుసార్లకు మించి విరేచనం కానివాళ్లకు ప్రోబయాటిక్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల) క్యాప్సూళ్లు పనిచేస్తాయా? డబ్బా మీద అరడజను పేర్లుంటాయి, వాటిలో ఏది చూసుకోవాలి? రోజూ పెరుగు తింటే చాలదా?

జవాబు 1:
పనిచేస్తాయి, కానీ కొంతవరకే. భేదిమందులా తెల్లారేసరికి ఫలితం చూపవు. 2014లో వచ్చిన ఒక సమీక్షలో, తిన్నది పేగులు దాటే సమయం సగటున 12 గంటలు తగ్గింది, విరేచనాలు వారానికి ఒకటికి కాస్త పైన పెరిగాయి. ఆ మేలు ముఖ్యంగా బిఫిడోబాక్టీరియం లాక్టిస్ అనే బాక్టీరియాతో వచ్చింది. లాక్టోబాసిల్లస్ కేసీ షిరోటాతో కనబడలేదు.

అందుకే పేరు చివర హెచ్ఎన్019, బీబీ-12 లాంటి స్ట్రెయిన్ కోడ్ (ఆ జాతిలో సరిగ్గా ఏ రకమో చెప్పే గుర్తు) ఉందో లేదో చూడండి. అది లేకుంటే లోపల ఏముందో తెలియనట్టే. రోజుకు 100 కోట్ల నుంచి 1000 కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న సూక్ష్మజీవుల లెక్క) సరిపోతుంది. ఆ లెక్క తయారైన రోజుది కాక, గడువు తేదీ వరకూ నిలిచేదై ఉండాలి. నాలుగు వారాలు రోజూ వేసుకుని చూడండి. మార్పు లేకపోతే మానేయడమే, డోసు పెంచుకుంటూ పోవద్దు.

జవాబు 2:
ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బాసిల్లస్ క్లాసీ, సాక్రోమైసెస్ బౌలార్డీ అనే ప్రోబయాటిక్‌లు ఎక్కువగా నీళ్ల విరేచనాలకు వాడేవి. ప్రోబయాటిక్ అన్న మాట చూసి మలబద్ధకానికి అవే కొనేస్తారు.

పెరుగు మంచిదే. కానీ తోడుపెట్టే సూక్ష్మజీవుల్లో చాలావరకు పెద్దపేగు దాకా బతికి చేరవు.

ప్రశ్న వేసినవారు:
క్యాప్సూల్ విప్పి పాలల్లో కలపొచ్చా?

జవాబు 2:
చల్లటివాటిలో అయితే సరే, వేడిపాలల్లో చచ్చిపోతాయి. కొన్ని క్యాప్సూళ్లకు కడుపులోని ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉంటుంది, అలాంటివి విప్పకండి. యాంటీబయాటిక్ వాడుతుంటే రెండు గంటలైనా ఎడం ఉంచాలి.

జవాబు 3:
పీచు సంగతి ఎవరూ ఎత్తలేదు! ఇసబ్‌గోల్ 5 గ్రాములు 250 మి.లీ. నీళ్లలో కలిపి, జిగురు కాకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తగ్గితే అదే అడ్డుపడుతుంది. ఇసబ్‌గోల్, ప్రోబయాటిక్ రెండూ ఒకే రోజు మొదలుపెట్టకండి. కడుపు ఉబ్బరిస్తే దేనివల్లో తేలదు.

ఐరన్ మాత్రలు, ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి) నొప్పి మందులు, థైరాయిడ్ లోపం కారణమైతే ముందు వాటి సంగతి చూడాలి. మలం మెత్తగా ఉన్నా ముక్కాల్సి వస్తుంటే మలద్వారం చుట్టూ ఉండే కటి కండరాలు వదులవడం లేదేమో, దానికి ప్రోబయాటిక్ ఏమీ చేయదు. రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, 50 దాటాక కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టరును అడక్కుండా ప్రోబయాటిక్ వేసుకోకూడదు. బతికున్న సూక్ష్మజీవులు కదా, రక్తంలోకి చేరితే ఇన్ఫెక్షన్ అవుతుంది.