అప్‌డేట్: ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ దగ్గర ఆయిల్ లీక్ ఆగింది

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, మాన్యువల్ గేర్‌బాక్స్. కొత్త సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) వేసిన వారానికే ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) దగ్గర మళ్లీ గేర్ ఆయిల్ కారుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"షాఫ్ట్ మీద గాడి పడిందేమో, గోరుతో తడిమి చూడండి" అన్నదే నిజమైంది. షాఫ్ట్ తీసి తుడిస్తే, సీల్ పెదవి (షాఫ్ట్‌ను ఒరుసుకునే లోపలి అంచు) ఆనే చోట చుట్టూ గోరు తగులుకునేంత గీత. కొత్త సీల్ కూడా అదే గాడిలో ఆనితే కారక ఏం చేస్తుంది! మెకానిక్ ఈసారి సీల్‌ను 2 మి.మీ. ఇవతలికి, వంకర లేకుండా కూర్చోబెట్టారు. ఇప్పుడు పెదవి నున్నటి భాగం మీద ఉంది. హౌసింగ్‌లో (సీల్ కూర్చునే గూట్లో) ఆ మాత్రం చోటుంటేనే ఇది కుదురుతుంది. లేకపోతే షాఫ్ట్ మార్చాల్సి రావచ్చు.

షాఫ్ట్ ఎక్కించేముందు పెదవికి గ్రీజు రాసి, స్ప్లైన్లకు (షాఫ్ట్ కొన మీది పళ్లకు) పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, కొన లోపలికి వెళ్లగానే దాన్ని లాగేశారు. లేదంటే ఆ పళ్లు రబ్బరును కోసేస్తాయి. సర్‌క్లిప్ (షాఫ్ట్ కొనను గేర్‌బాక్స్‌లో పట్టి ఉంచే రింగు), హబ్ నట్ (చక్రం వైపు బిగించే నట్) కొత్తవి. గేర్‌బాక్స్ లెవెల్ రంధ్రం నుంచి పొర్లేదాకా ఆయిల్ పోశారు.

వేరే కారణాలూ చూశాం: బ్రీదర్ (గేర్‌బాక్స్‌లో గాలి బయటికి పోయే దారి) మూసుకుపోలేదు, సీవీ బూట్ (షాఫ్ట్ కీలు మీది రబ్బరు తొడుగు) చిరగలేదు. 600 కి.మీ. తిరిగాక కూడా సీల్ చుట్టూ పొడిగానే ఉంది.