గుడ్డికన్నా మెల్ల నయం అంటూ ఇంకెన్నాళ్లు ఓటేయాలి?

శీను_ఎడిసన్
2014లో సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజే, హాలు బయట మడత టేబుల్ వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ ఓటరు ఫారం చేతిలో పెట్టింది. పార్టీ గడి దగ్గర ఆలోచించకుండా డెమొక్రాట్ అని టిక్ కొట్టేశాను. అప్పట్నుంచీ ఒకటే పాట: ఈసారికి గండం గట్టెక్కిద్దాం, మీ సంగతి తర్వాత చూద్దాం. 2016లో బెర్నీ శాండర్స్ అన్నాను, కుదర్లేదు. 2020లో సౌత్ కరోలినా ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) అయిన రెండ్రోజుల్లో బెర్నీ మీద పోటీలో ఉన్న బుటిజెజ్, క్లోబుచార్ ఇద్దరూ తప్పుకుని బైడెన్ పక్కన చేరారు, ఒకేరోజు చాలా రాష్ట్రాలు ఓటేసే సూపర్ ట్యూస్‌డేతో మా ఆట కట్టు. అయినా నవంబరులో వెళ్లి ఓటేసొచ్చాను.

2024 అక్టోబరులో ఒక వాలంటీర్ గ్రూపుతో నాలుగు శనివారాలు పెన్సిల్వేనియా బక్స్ కౌంటీలో తలుపులు తట్టాను. ఒక ఇంట్లో యాభై ఏళ్ల ఆయన ఇంటి చెప్పులతోనే బయటికొచ్చాడు. నేను ఫోన్లో స్క్రిప్ట్ చదవబోతుంటే ఆగమని సైగ చేసి, లోపలికెళ్లి ఫ్రిజ్‌కి అంటించుకున్న ఫార్మసీ బిల్లు తెచ్చి చూపించాడు. ఇన్సులిన్. "దీనికి మీవాళ్లు ఏం చేస్తారు?" అన్నాడు. స్క్రిప్ట్ పైకీ కిందికీ జరిపాను. అవతలి అభ్యర్థి వల్ల ఎంత ప్రమాదమో మూడు పేరాలుంది. దీనికి ఒక్క లైను లేదు. థాంక్యూ చెప్పి మెట్లు దిగాను.

రెండు ప్రశ్నలు. ఒకటి, డెమొక్రాట్ రిజిస్ట్రేషన్ తీసేసుకుని ఏ పార్టీ లేకుండా ఉంటే నష్టమా? రెండు, మా అమ్మాయికి 19. "నేను ఓటే వేయను డాడీ" అంటోంది. మీ ఇళ్లలో పిల్లలకి ఏం చెప్తున్నారు?

డెట్రాయిట్_బావ
శీనూ, నువ్వు ఇంకా స్క్రిప్ట్ దగ్గరే ఉన్నావు. మాకు మైకు కూడా దొరకలేదు. 2024 ఫిబ్రవరి 27న మిషిగన్ ప్రైమరీలో "అన్‌కమిటెడ్" (ఏ అభ్యర్థికీ కాదు) అని లక్షమందికి పైగా ఓటేశాం, 13 శాతం. గాజా గురించి కాస్త వినండయ్యా అని మర్యాదగా, పార్టీ లోపలే ఉండి, పార్టీ ఇచ్చిన గడిలోనే చెప్పాం. ఆగస్టులో షికాగోలో పార్టీ కన్వెన్షన్‌లో పాలస్తీనా మూలాలున్న ఒక్క డెమొక్రాట్‌కి ఐదు నిమిషాలు స్టేజీ మీద ఇమ్మంటే ఇవ్వలేదు. రిపబ్లికన్లని పిలిచి మరీ మాట్లాడించారు! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నవంబరులో నేను ప్రెసిడెంట్ గడి ఖాళీగా వదిలేశాను. సెనేట్ నుంచి స్కూల్ బోర్డు దాకా మిగతావన్నీ నింపాను. ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

కామన్‌సెన్స్_రావు
పశ్చాత్తాపం ఎందుకుంటుంది, ఫలితం అనుభవించేది వేరేవాళ్లు కదా. 2000లో ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. గ్రీన్ పార్టీ నేడర్‌కి పడ్డవి 97,488. దాంతో బుష్, దాంతో ఇరాక్. 2016లో మీ మిషిగన్‌లోనే తేడా 10,704, మళ్లీ గ్రీన్ పార్టీయే, జిల్ స్టైన్‌కి 51 వేల పైచిలుకు. ఎన్నిసార్లు దెబ్బ తింటే తెలుస్తుంది? 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని హైదరాబాద్‌లో కూర్చున్న మా తమ్ముడి కొడుక్కి మీ ఖాళీ గడి సంగతి వివరించండి.

డెట్రాయిట్_బావ
రావుగారూ, లెక్క పూర్తిగా చెప్పండి. 2024లో ఇక్కడ ట్రంప్ ఆధిక్యం 80 వేలు. స్టైన్ ఓట్లన్నీ కలిపినా సరిపోవు. 2000లో ఫ్లోరిడాలో బుష్‌కి ఓటేసిన రిజిస్టర్డ్ డెమొక్రాట్ల మాటేమిటి? వాళ్లని ఎవరూ తిట్టరు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఓడిన ప్రతిసారీ మా మీద పడటం తప్ప అభ్యర్థి ఏం అమ్మాడో అడగరు. పైగా మీ తమ్ముడి కొడుకు నాకు ఓటరు కాదు, నేను వాడికి ప్రతినిధినీ కాదు.

కామన్‌సెన్స్_రావు
మర్యాదగా మాట్లాడండి.

కమిటీ_12ఏళ్లు
ఇక్కడ అందరూ ప్రెసిడెంట్ దగ్గరే ఆగిపోయారు. నేను న్యూజెర్సీలో 12 ఏళ్లు పార్టీ కౌంటీ కమిటీలో ఉన్నాను, మీటింగుల్లో చల్లారిన పిజ్జా తిన్న అనుభవంతో చెబుతున్నా. శీనుగారు న్యూజెర్సీలో ఉండి అసలు విషయం ఎత్తలేదు: కౌంటీ లైన్. 21 కౌంటీల్లో 19 చోట్ల ప్రైమరీ బ్యాలట్ మీద పార్టీ బలపరిచినవాళ్లంతా ఒకే నిలువు వరసలో, పైనుంచి కిందికి నీటుగా ఉండేవారు. మిగతావాళ్లని ఏ మూల గడిలోనో పడేసేవారు, వెతుక్కుంటే తప్ప కనిపించరు. 2024 మార్చి 29న ఫెడరల్ జడ్జి ఖురేషీ కొట్టేశాడు. వ్యవస్థ లోపల్నుంచే మారుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

లక్ష్మి_జెర్సీసిటీ
లోపల్నుంచా? ఆండీ కిమ్ కేసు వేస్తే మారింది. మీ కమిటీ ఈ 12 ఏళ్లలో ఒక్కసారైనా ఆ లైన్ వద్దని తీర్మానం చేసిందా?

కమిటీ_12ఏళ్లు
అమ్మా, ఆండీ కిమ్ పార్టీ మనిషే, అప్పటికి సిట్టింగ్ కాంగ్రెస్‌మన్. అదే లోపల్నుంచి అంటే.

లక్ష్మి_జెర్సీసిటీ
అమ్మా గిమ్మా వద్దు, తేదీలు చూడండి. మన సెనేటర్ మెనెండెజ్ మీద బంగారు కడ్డీల లంచం కేసు 2023 సెప్టెంబరు 22. మర్నాడే ఆ సీటుకి కిమ్ దిగాడు. తర్వాత మీ కౌంటీ పెద్దలు ఏం చేశారు? అప్పటి గవర్నర్ భార్య ట్యామీ మర్ఫీ పోటీ అనగానే వరసకట్టి లైన్ ఆవిడ చేతిలో పెట్టారు. అంతకుముందు ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని మనిషి! ఫిబ్రవరిలో మన్‌మత్ కౌంటీలో రహస్య బ్యాలట్ పెడితే మామూలు కమిటీ సభ్యులు కిమ్‌ని గెలిపించారు. ఆవిడ మార్చి 24న తప్పుకుంది. జడ్జి తీర్పు ఐదు రోజుల తర్వాత. ఓడించింది జనం, కోర్టు కాదు, మీరు అంతకన్నా కాదు.

కమిటీ_12ఏళ్లు
మన్‌మత్‌లో ఓటేసింది ఎవరు? కమిటీ సభ్యులు. నేను చెప్పేదీ అదే. మీరు గూగుల్ చేసి తేదీలు తెస్తున్నారు, నేను ఆ గదుల్లో కూర్చున్నాను. కమిటీ సీటుకి సంతకాలు పట్టుమని పాతిక కూడా తేలేక వెనక్కి తిరిగిన ప్రోగ్రెసివ్‌లని ఎంతమందిని చూశానో. ట్వీట్లకి బద్ధకం ఉండదు, మంగళవారం రాత్రి మీటింగుకి మాత్రం ఒంట్లో బాగుండదు.

లక్ష్మి_జెర్సీసిటీ
నేను సంతకాలు తెచ్చాను సార్. 2021లో, మా బ్లాకులో, ఏడు నెలల కడుపుతో. మూల గడిలో పడేశారు. మా అత్తగారికి నా పేరు కనబడక బూత్‌లోంచి బయటికొచ్చి "నీ పేరు ఎక్కడమ్మా?" అని అడిగింది.

కమిటీ_12ఏళ్లు
అది వేరే కౌంటీ. మా దగ్గర అలా జరగదు.

ఫ్రిస్కో_మూర్తి
మా టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ అనేదే లేదండీ. మార్చిలో ఏ ప్రైమరీ కావాలంటే ఆ బ్యాలట్ అడిగి తీసుకోవడమే. నేను డెమొక్రాట్‌నే, కానీ రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేస్తాను. మా ఏరియాలో అసలు ఎన్నిక అక్కడే అయిపోతుంది, నవంబరుది తద్దినం. ఇద్దరిలో కాస్త నెమ్మదైనవాడికి వేసి వస్తాను. స్కూల్ బోర్డుకి మాత్రం తప్పనిసరిగా వెళ్లండి, దానికి వచ్చేది గుప్పెడుమంది.

సియాటిల్_చినుకు
రెండు పార్టీలూ దొందూ దొందే అనడానికి నాకు వేరే కారణం ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ సిటీ కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. తెచ్చింది క్షమా సావంత్, డెమొక్రాట్ కాదు, సోషలిస్టు. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే, ఎస్‌బీ 403, రెండు సభల్లోనూ గెలిస్తే అక్టోబరులో వీటో చేసింది ఎవరు? డెమొక్రాట్ గవర్నర్ న్యూసమ్. ఇప్పుడున్న చట్టాలే చాలన్నాడు. ప్రోగ్రెసివ్ రాష్ట్రమట!

బే_ఏరియా_ప్రసాద్
చాలకపోవడమేంటి? మా పిల్లలకి కులమంటేనే తెలీదు, వాళ్ల మెడకి కట్టారు. వీటో చేసి మంచి పని చేశాడు.

సియాటిల్_చినుకు
పిల్లలకి తెలీకుండానే మన సంఘాలన్నీ ఇన్ని ముక్కలయ్యాయా ప్రసాద్ గారూ? సంక్రాంతి ఒకటే, పొట్లక్‌లు మూడు ఎందుకు?

బే_ఏరియా_ప్రసాద్
ఏ రాష్ట్రం వాళ్లో, ఏ జిల్లా వాళ్లో ఇక్కడ

మోడరేటర్
ప్రసాద్ గారి కామెంటులో మిగతా భాగం తీసేశాను. దీనికి పాత చర్చ ఉంది, 400 కామెంట్ల దగ్గర తాళం వేసి ఉంది. తిరిగి తెరవను.

క్వీన్స్_కుర్రాడు
అంకుల్స్, అందరూ ఏడుపే. మేం గెలిచాం కదా! 2025 జూన్ 24న న్యూయార్క్ మేయర్ ప్రైమరీ, ఎండకి రోడ్డు కాలిపోతోంది, క్యూలో ఐస్ పంచాం. మమ్దానీ. మాజీ గవర్నర్ కూమో మీద. పక్క పక్క అభ్యర్థులు "నన్ను ఒకటి పెట్టు, వాణ్ని రెండు పెట్టు" అని కలిసి ప్రచారం చేసుకున్నారు, ఒకే బ్యాలట్‌లో ఒకటి, రెండు అని వరస ఇచ్చే ర్యాంక్డ్ చాయిస్ మహిమ. ఓటు చీలుతుందన్న టెన్షనే లేదు. నవంబరులో పది లక్షలకి పైగా ఓట్లు. పైగా న్యూయార్క్‌లో ఒకే అభ్యర్థి రెండు పార్టీల గడుల్లో ఉండొచ్చు. డెమొక్రాట్ గడి నచ్చకపోతే వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ గడిలో వేస్తే అదీ ఆయన ఖాతాలోకే. శీను అంకుల్ అడిగినదానికి ఇదే ఆన్సర్. న్యూయార్క్ వచ్చేయండి.

డెట్రాయిట్_బావ
తమ్ముడూ, గెలిచిన సంగతి సరే. ఆయన ప్రైమరీ గెలిచాక పార్టీ పెద్దలు ఏం చేశారో అదీ రాయి. హౌస్‌లో పార్టీ నాయకుడు జెఫ్రీస్ అక్టోబరు చివరిదాకా నోరు విప్పలేదు, సెనేట్‌లో నాయకుడు షూమర్ మద్దతు అసలే చెప్పలేదు. ఎవరైనా సరే డెమొక్రాట్‌కే వేయాలి అన్న నీతి మనకి మాత్రమే. 2021లో బఫెలోలో ఇండియా వాల్టన్ ప్రైమరీ గెలిస్తే, ఓడిపోయిన మేయర్ బ్రౌన్ నవంబరులో బ్యాలట్ మీద ఓటర్ల చేత తన పేరు రాయించుకుని మరీ ఓడించాడు. అప్పుడు ఓటు చీల్చాడని ఎవరూ ఏడవలేదేం?

కామన్‌సెన్స్_రావు
బ్రౌన్‌కి ఎక్కువ ఓట్లు వచ్చాయి కాబట్టి.

లక్ష్మి_జెర్సీసిటీ
ర్యాంక్డ్ చాయిస్ మాకు ఉంటే 2025 గవర్నర్ ప్రైమరీ ఎంత బాగుండేది. లైన్ లేని మొదటి గవర్నర్ ప్రైమరీ, ఆరుగురు పోటీ. మా ప్రోగ్రెసివ్ ఓట్లు బరాకాకి కొన్ని, ఫులప్‌కి కొన్ని. మూడో వంతు ఓట్లతో షెరిల్ గెలిచేసింది. కమిటీ సార్ పాత లైన్ లేకపోయినా ఓట్లు మేమే చీల్చుకున్నాం, ఆ ఒక్కటీ ఒప్పుకుంటా.

కమిటీ_12ఏళ్లు
ఈ థ్రెడ్‌లో మొదటి తెలివైన మాట.

ఈబీ2_భీష్ముడు
14 ఏళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. మీరంతా ఎవరికి వేయాలా అని బెంగపడుతున్నారు, నాకు ట్యాక్సు కట్టే హక్కు తప్ప ఏమీ లేదు. 2019లో గ్రీన్‌కార్డులకి దేశాలవారీ పరిమితి తీసేసే బిల్లు హౌస్‌లో 365–65తో గెలిచింది. 365! రెండు పార్టీలూ కలిసి! సెనేట్‌లో డెమొక్రాట్ డర్బిన్ అడ్డుపడ్డాడు. 2020 డిసెంబరులో సెనేట్ తన రకం పాస్ చేసింది, రెండూ కలవకుండానే టర్మ్ అయిపోయింది. ఈ ముచ్చట్లు చూస్తుంటే, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే అన్న సామెత గుర్తొస్తోంది.

శీను_ఎడిసన్
భీష్ముడు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ 20 పైన కామెంట్లయ్యాయి, మా అమ్మాయి గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

లక్ష్మి_జెర్సీసిటీ
సారీ అన్నా. రిజిస్ట్రేషన్ అలాగే ఉంచు. మన దగ్గర ఏ పార్టీ లేనివాళ్లు జూన్ ప్రైమరీలో బూత్ దగ్గరే పార్టీ చెప్పి వేయొచ్చు, కాబట్టి తీసేసినా పెద్ద తేడా లేదు. అమ్మాయి చదివేది ఎక్కడ?

శీను_ఎడిసన్
పిట్స్‌బర్గ్.

లక్ష్మి_జెర్సీసిటీ
అయితే హాస్టల్ అడ్రస్ మీద అక్కడే రిజిస్టర్ చేసుకోవచ్చు. అది ఎటైనా తిరిగే స్వింగ్ స్టేట్, మన ఎడిసన్ ఓటు కన్నా దానికి గిరాకీ ఎక్కువ. ప్రైమరీ మాత్రం క్లోజ్డ్, పార్టీ రాస్తేనే వేయనిస్తారు. గడువుకి ముందే చూసుకోమను.

శీను_ఎడిసన్
రాత్రి ఫోన్లో చెప్పాను. అంతా విని "ఆ ఇన్సులిన్ అంకుల్‌కి మీరేం చెప్పారు డాడీ?" అంది. థాంక్యూ చెప్పి వచ్చేశానన్నాను. ఫోన్ వాళ్లమ్మకి ఇమ్మంది.

కామన్‌సెన్స్_రావు
ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు చేసింది బైడెనే, 2022 చట్టం. స్క్రిప్ట్‌లో లేకపోతే మీరైనా చెప్పి ఉండాల్సింది.

డెట్రాయిట్_బావ
అది మెడికేర్ వాళ్లకి, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్. ఆయనకి యాభై ఏళ్లని మొదటి కామెంట్‌లోనే ఉంది, చదవండి.

కామన్‌సెన్స్_రావు
ప్రైవేటు ఇన్సూరెన్స్‌కీ పెట్టబోయారు. సెనేట్‌లో 57–43. డెమొక్రాట్లు మొత్తం వేశారు. 60 రాక పోయింది.

లక్ష్మి_జెర్సీసిటీ
57 వచ్చినా ఓడిపోయే ఆట రూల్ పుస్తకం ఎవరి చేతిలో ఉందప్పుడు? సెనేట్ ఎవరిది?

కమిటీ_12ఏళ్లు
60 ఓట్లు లేకుండా సెనేట్‌లో బిల్లుని కదలనివ్వని ఫిలిబస్టర్ గురించి నాకు కాస్త తెలుసు. మొదట్నుంచీ చెబుతాను, వినండి.