అమైలాయిడ్ మీద ఇన్నేండ్ల పరిశోధన, ఇంట్ల ఉన్నోళ్లకు ఏమొచ్చింది?

పాలమూరు బిడ్డ: కేంబ్రిడ్జ్‌ల పనిజేసిన క్రిస్టఫర్ డాబ్సన్ అనే సైంటిస్టు గురించి మా అన్న పంపితే చదివిన. కోడిగుడ్డు తెల్లసొనల ఉండే లైసోజైమ్ అనే ప్రొటీన్ ఎట్ల మడత పడ్తదని ఏండ్లకేండ్లు చూసిండట. మా అమ్మకు అల్జీమర్స్, మతిమరుపు రోగం, నాలుగేండ్లాయె. గుడ్డు సంగతి తెలిస్తే మా అమ్మకేమొచ్చింది? దండగ పని అంట నేను.

నల్లగొండ కెమిస్ట్రీ సార్: దండగ అనకమ్మా. ప్రొటీన్ ఒక దారం లెక్క, సరిగ్గ మడత పడితేనే పనిజేస్తది. మడత ఇడిస్తే లోపల దాగిన భాగాలు బయటికొచ్చి పక్కదాన్ని పట్టుకుంటయ్, పోగులైతయ్, గదే అమైలాయిడ్, అల్జీమర్స్ ఉన్నోళ్ల మెదడుల పేరుకునేది గూడ గిదే. పాలల్ల తోడేసినట్టే, మొదటి ముక్క ఏర్పడేదాంక టైం పడ్తది, అదొక్కటి పడ్డదంటే మిగిలినయి జల్ది జల్ది పేరుకుంటయ్. 1998ల డాబ్సన్ బృందం ఏ రోగంతోని సంబంధం లేని ప్రొటీన్‌ను గూడ ల్యాబ్‌ల ఇట్ల పోగులు చేసి చూపిచ్చింది. ఇన్సులిన్ కూడ అంతే, ఒక్క తావునే గుచ్చుకుంటే వచ్చే గడ్డలు ఎక్కువ కొవ్వువే గాని కొన్ని అమైలాయిడ్‌వి, అక్కడ గుచ్చితే మందు సరిగ్గ ఎక్కదు. మా నాయినకు బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ ఉండె, తావు మార్చినంక షుగర్ దిగింది.

హాలియా: మెదడుల అమైలాయిడ్ తీసే మందొచ్చింది గద, లెకానెమాబ్. 27 శాతం తగ్గిస్తదట.

పాలమూరు బిడ్డ: తగ్గేది రోగం కాదు, ముదిరే స్పీడు. అదిగూడ మొదటి స్టేజిల ఉన్నోళ్లకే. 18 నెలలు ఎక్కిచ్చినంక, రోగం ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద తేడా 0.45. కొందరికి మెదడుల వాపు, రక్తం కారుడు.

నల్లగొండ కెమిస్ట్రీ సార్: అమైలాయిడ్ తీస్తే ఫరక్ పడ్తదని అయితే తేలింది గద.

పాలమూరు బిడ్డ: 0.45 సార్.

దేవరకొండ: 2006ల నేచర్ అనే సైన్సు పత్రికల వచ్చిన అమైలాయిడ్ పేపర్ల బొమ్మలు మార్చిండ్రని 2024ల వాపస్ తీసుకున్నరు. ఇగ ఏం నమ్ముతం?

నల్లగొండ కెమిస్ట్రీ సార్: అది ఎలుకల మీద చేసిన ఒక్క పేపరు. దానికి డాబ్సన్‌కు ఏం సంబంధం?

మర్రిగూడ: మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగినయ్. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిండ్రు. అయినా మా తాత వంగిన నడుముతోనే పోయిండు.

నల్లగొండ కెమిస్ట్రీ సార్: అందరు కలిసి సైన్సునే తిడుతున్నరు. చదవకుండ మాట్లాడొద్దు.

పాలమూరు బిడ్డ: చదవకుండనా? రాత్రి రెండింటికి అమ్మ పక్కన కూసొని చదివిన. మొన్న జొన్నరొట్టె కొడ్తా కొడ్తా పిండిముద్ద చేతిల పట్టుకొని ఇదేంది అని నన్నడిగింది. మా అన్న హైదరాబాద్‌ల ఉంటడు, నెలకో లింకు పంపి మందు వస్తదట చెల్లే అంటడు, నాలుగేండ్లల్ల రెండు రాత్రులు ఉన్నడు. అమ్మ తలుపు తీసుకొని పోతే ఎంబడి ఉరికేది నేను.

నల్లగొండ కెమిస్ట్రీ సార్: బిడ్డా, నా మాట తప్పే. మా నాయిన ఆఖరికి నన్ను గుర్తుపట్టలే. వయసైంది అన్నరు అందరు, రోగమని ఒక్కరు చెప్పలే, నేను కోపం చేసుకున్న ఆయన మీద. అది ఆయన చేతిల లేదని తెలిసేసరికి ఆయన లేడు. అందుకే దండగ అంటే మనసున పట్టది. తలుపుకు పైన గడియ పెట్టినవా?

పాలమూరు బిడ్డ: పెట్టిన సార్. నిన్న స్టూల్ ఏసుకుంది.