బెంగళూరులో ఎయిర్ ఫిల్టర్ మారిస్తే బండి బలం పెరుగుతుందా?

మారతహళ్ళి సభ్యుడు:
జె.సి. రోడ్డులో కొన్న నూనె పూత కాటన్ ఫిల్టర్‌ను నా 1.2 లీటర్ల పెట్రోలు కారుకు వేయించుకొని మరుసటి వారమే నెల్లూరు వెళ్ళాను. నాయుడుపేట దాటాక బండి ఎన్నడూ లేనంత చురుకుగా లాగింది. ఇటువంటి ఫిల్టర్ల వల్ల లాభం లేదనే వారితో నేను ఏకీభవించలేను.

జయనగర్ సభ్యుడు:
మీ అనుభవాన్ని కాదనను, కాని దాని కారణం ఫిల్టర్ కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడి గాలి పీడనం తీరంతో పోలిస్తే దాదాపు 10 శాతం తక్కువ. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజన్‌కు ఆ మేరకు గాలి తక్కువ అందుతుంది, దానికి తగ్గట్టే పెట్రోలూ తక్కువ పడుతుంది. మీరు కిందికి దిగేసరికి, అక్కడి ఎండవేడి కొంత వెనక్కు లాగినా, ఆ లోటు చాలావరకు తీరిపోయింది. కంపెనీ ఫిల్టర్‌తో వెళ్ళినా అదే చురుకు కనిపించేది.

దీన్ని మీరే కొలవవచ్చు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరంలో) చూస్తే, ఇంజన్‌లోకి వెళ్ళే గాలి పీడనాన్ని కొలిచే మ్యానిఫోల్డ్ ప్రెజర్ సెన్సర్ బయటి గాలి పీడనాన్నే, అంటే ఇక్కడ సుమారు 90 కిలోపాస్కళ్ళు, చూపిస్తుంది. తరువాత ఖాళీ రోడ్డు మీద, వేగపరిమితి దాటకుండా, రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ పీడనం ఎంత తగ్గిందో పక్కనున్నవారిని చూడమనండి. ఆ తగ్గుదలలో పైపుల వాటా, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) వాటా పోగా ఫిల్టర్‌ది 1 కిలోపాస్కల్ అనుకుంటే, ఫిల్టర్‌ను పూర్తిగా తీసేసినా దక్కేది 1 శాతం పైచిలుకే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో అదీ దక్కదు, ఎందుకంటే అక్కడ గాలిని ఆపుతున్నది సగానికి పైగా మూసుకొని ఉన్న థ్రాటిలే.

మారతహళ్ళి సభ్యుడు:
పాత ఫిల్టర్ దుమ్ముతో నల్లబడి ఉంది. మైలేజీ అయినా పెరగాలి కదా?

జయనగర్ సభ్యుడు:
అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో వెలువరించిన పరీక్షల్లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లకు మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, పికప్ మాత్రం మందగించింది. గాలి తగ్గితే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలునూ తగ్గించడమే ఇందుకు కారణం. కాబట్టి మురికి ఫిల్టర్‌తో కాక, కంపెనీ వారి కొత్త ఫిల్టర్‌తో పోల్చి చూడండి.

హెబ్బాళ సభ్యుడు:
టర్బో డీజిల్‌కు రీమ్యాప్ చేయించి (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి) బూస్ట్, అంటే టర్బో గాలి ఒత్తిడి, పెంచుకున్నవారి సంగతి వేరు. అక్కడ గాలి అవసరం కంపెనీ లెక్కను దాటిపోతుంది.

జయనగర్ సభ్యుడు:
అది నేనూ ఒప్పుకుంటాను. అయితే బానెట్ కింద కవచం లేకుండా బిగించే కోన్ ఫిల్టర్ ఇంజన్ వేడిగాలినే పీల్చుకుంటుంది. టర్బో లేని బండిలో 10 డిగ్రీల వేడి పెరిగితే గాలి సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది, అంటే ఫిల్టర్ ఇచ్చినదానికంటే పోయేదే ఎక్కువ. కాటన్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పూస్తే అది గాలిని కొలిచే సెన్సర్ తీగకు అంటుకొని రీడింగ్ తప్పుతుంది. మా కారుకు అదే జరిగి చెక్ ఇంజన్ లైటు వెలిగింది. సెన్సర్‌ను శుభ్రం చేయించి, కాగితపు ఫిల్టర్ తిరిగి వేశాకే ఆరింది.