చీటీ పొదుపా, అప్పా? మా ఇంట్లో తేలని లెక్క

పటమట ఇల్లాలు

మేం కట్టిన 20 నెలల చీటీ పోయిన నెలతో ముగిసింది. లక్ష రూపాయల చీటీ, 20 మంది సభ్యులం, నెలకు 5 వేలు. పాట (కొంత వదులుకుని ముందే చీటీ ఎత్తుకునే వేలం) పాడకుండా ఆఖరి దాకా ఆగాం. కమిషన్ పోగా 95 వేలు చేతికొచ్చాయి. పెద్దవాడి ఇంటర్ ఫీజుకు అక్కరకొచ్చాయి. ఇప్పుడు మళ్లీ కొత్త చీటీలో చేరాలా వద్దా అని ఇంట్లో పది రోజులుగా వాదన.

మావారి జీతం 27 వేలు. నేను జాకెట్లు కుట్టి తెచ్చేది ఆరేడు వేలు. అద్దె 9 వేలు, బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు, చిన్నదాని ఆటో, అత్తయ్య మందులు. ఇవన్నీ పోగా మిగిలేది చూస్తే నెలకు 5 వేలు ఎలా కట్టామా అని నాకే ఆశ్చర్యం. కానీ కట్టాం. ఒక్క నెల కూడా తప్పలేదు.

మావారు పోస్టాఫీసులో ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కడదామంటున్నారు. అత్తయ్య మాత్రం "చీటీ అయితే కట్టక తప్పదు, అది అయితే రెండో నెలకే మానేస్తారు" అంటున్నారు. ఆవిడ ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లూ చీటీలు కట్టే చేశారు. నా మనసు ఆవిడ వైపే ఉంది. నేను పొరబడుతుంటే చెప్పండి.

లెక్కల మాస్టారు

అమ్మా, ముందు ఒక ప్రశ్న. 20 నెలల్లో మీరు మొత్తం ఎంత కట్టారు? ప్రతినెలా పాటలో తగ్గింపు పోను కట్టిన మొత్తం రాసి పెట్టుకున్నారా?

పటమట ఇల్లాలు

రాశాను మాస్టారూ. క్యాలెండరు వెనక ఉంది. మొదటి నెల 5 వేలు, రెండో నెలా మూడో నెలా నాలుగేసి వేలు, తర్వాత పెరుగుతూ వచ్చింది. మొత్తం 91 వేలు.

లెక్కల మాస్టారు

అయితే లెక్క తేలిక. 91 వేలు కట్టి 95 వేలు అందుకున్నారు. నెలనెలా కట్టిన డబ్బు ఎన్నాళ్లు బయట ఉందో చూసి వేస్తే, ఏడాదికి 5, 6 శాతం మధ్య వడ్డీ పడింది. పోస్టాఫీసు ఆర్డీకి 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం. నెలకు 5 వేల చొప్పున ఐదేళ్లు కడితే, కట్టిన 3 లక్షలకు దాదాపు 3 లక్షల 56 వేల 800 వస్తాయి.

ఇక మూడో నెలలో మీ చీటీ ఎవరో 25 వేలు వదులుకుని పాడుకుని ఉంటారు. నిర్వాహకుడి కమిషన్ 5 వేలు పోగా మిగిలిన 20 వేలు ఇరవై మందికి తలా వెయ్యి పంచితేనే మీకు ఆ నెల 4 వేలు పడుతుంది. ఆ మనిషికి చేతికి వచ్చింది 75 వేలు. అందులో అప్పటికి తాను కట్టిన 13 వేలు తన సొమ్మే. అంటే నిజంగా దొరికిన అప్పు 62 వేలు. దానికి మిగిలిన 17 నెలల్లో 78 వేలు కట్టాడు. నెలకు నూటికి రెండు రూపాయల అరవై పైసలు దాటింది వడ్డీ.

ఒకే చీటీలో ఒకరు రెండున్నర రూపాయల పైన వడ్డీ కట్టారు, మీకు అర్ధ రూపాయి దక్కింది. మధ్యలోది కమిషన్‌కూ మధ్య నెలల్లో ఎత్తినవాళ్లకూ పోయింది. పొదుపు చేస్తున్నామని మీరు అనుకున్నారు. నిజానికి మీరు తాకట్టు లేకుండా పందొమ్మిది మందికి అప్పిచ్చారు. దయచేసి ఇంకోసారి ఇవ్వకండి.

ఖమ్మం పచారీ కొట్టు

మాస్టారూ, మూడో నెలలో ఎత్తుకున్న ఆ మనిషిని నేనే అనుకోండి. పదేళ్ల కిందట కొట్టులో కూల్‌డ్రింకులకు, పాలకు పెద్ద ఫ్రిజ్ కావాల్సి వచ్చింది. బ్యాంకుకు వెళితే మూడేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు అడిగారు. నా దగ్గర ఉన్నది ఖాతాల పుస్తకం ఒక్కటే. రోజువారీ ఫైనాన్సు వాళ్లు మాత్రం సాయంత్రానికల్లా ఇస్తామన్నారు. పది వేలు అని రాసుకుని చేతికి 9 వేలు ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మీలాగే లెక్క వేస్తే అది నెలకు నూటికి ఆరు రూపాయల పైమాటే.

చీటీ పాడాను. రెండున్నర రూపాయలకు డబ్బు దొరికింది. ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు, ఎవరూ నన్ను కాగితాలు అడగలేదు. ఆ ఎండాకాలంలోనే ఫ్రిజ్ ఖర్చులో సగం వచ్చేసింది. మీ వడ్డీ లెక్క తప్పని అనను. అయితే ఆ లెక్కలో నాకు ఇంకో దారి ఏముందో కూడా రాయండి.

చిలకలపూడి

ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

మా వీధిలో ఒకావిడ పన్నెండేళ్లు చీటీలు నడిపింది. ఒక్కరికి ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు. ఆవిడ మాటంటే మాటే. మా అమ్మ 2 లక్షల చీటీలో చేరింది, తనతో పాటు మరో నలుగురిని చేర్పించింది. పదిహేడో నెలలో ఆవిడ ఇంటికి తాళం పడింది. మూడు వారాలకు తెలిసింది, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టిందని. మేం ఎత్తని చీటీ అది. అప్పటిదాకా కట్టింది అంతా పోయింది.

డబ్బు సంగతి కన్నా నన్ను ఇప్పటికీ బాధించేది వేరే ఉంది. అమ్మ చేర్పించిన నలుగురూ మా ఇంటికే వచ్చారు. నిర్వాహకురాలి ఇంటికి తాళం ఉంటే ఇంకెక్కడికి పోతారు? వాళ్లలో ఒకరు ఇళ్లలో పని చేసుకునే మనిషి. అమ్మ తన రెండు జతల గాజులు అమ్మి ఆ నలుగురిలో ఇద్దరికి ఇచ్చింది. మిగతా ఇద్దరూ మాతో మాట్లాడటం మానేశారు. పెళ్లిళ్లకు పిలవరు, మేమూ పిలవం.

పోలీసు స్టేషన్‌కు వెళితే "కాగితం ఏది?" అన్నారు. మా దగ్గర ఉన్నది ఆవిడ చేత్తో రాసిచ్చిన ఎర్ర అట్ట చిట్టీ పుస్తకం.

పటమట అక్కా, ఆవిడ నమ్మకస్తురాలని ఎవరైనా చెబితే ఒక్కటే అడగండి: ఎత్తుకున్నవాళ్లు కట్టకపోతే ఆ లోటు ఎవరి జేబులోంచి పూడుస్తుంది? పన్నెండేళ్లు అది ఆవిడ జేబులోంచే పూడింది. ఆ జేబు ఒకరోజు ఖాళీ అయింది.

కౌంటరు వెనక

ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి విశ్రాంతి తీసుకున్నాను. చిలకలపూడి చెల్లెమ్మ రాసింది చదివి మనసు చెదిరింది. రెండు విషయాలు చెబుతాను.

1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని, రిజిస్టర్ చేయించిన చీటీ మాత్రమే చీటీ. నిర్వాహకుడు చీటీ మొత్తానికి సమానమైన హామీ డిపాజిట్ చూపించాలి. ఒప్పంద పత్రం సభ్యుడికి ఇవ్వాలి. తగాదా వస్తే చిట్ల రిజిస్ట్రారు ముందుకు వెళ్లవచ్చు. 2019లో చట్టాన్ని సవరించి కమిషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచారు. కాబట్టి రిజిస్టరైన చీటీలో చేరితే చివరిదాకా ఆగినవాళ్లకు మిగిలేది ఇంకాస్త తగ్గవచ్చు. ఆ తగ్గుదలను భద్రత ఖర్చు అనుకోండి. వీధి చీటీలో ఈ రక్షణ ఏదీ లేదు.

రెండోది, బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది. పోస్టాఫీసు డబ్బుకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. చీటీకి ఈ బీమా వర్తించదు, రిజిస్టరైనదైనా సరే.

అయినా పచారీ కొట్టు తమ్ముడి మాట నేను కొట్టిపారేయలేను. ఇలాంటివాళ్లను కౌంటరు ఇవతలినుంచి ఎంతమందిని వెనక్కి పంపానో నాకు తెలుసు. కాగితాలు లేవన్న ఒక్క కారణంతోనే.

విజయనగరం కోడలు

ఎవరూ బంగారం మాట ఎత్తలేదేమిటి? నెలకు 2 వేలు నగల కొట్లో కట్టుకుంటున్నాను. 11 నెలలు కడితే నగ వస్తుంది, కష్టకాలంలో తాకట్టుకూ పనికొస్తుంది.

లెక్కల మాస్టారు

పనికొస్తుంది, అందులో సందేహం లేదమ్మా. బ్యాంకులో బంగారం మీద నెలకు నూటికి రూపాయి లోపే అప్పు పుడుతుంది. కానీ నగ కొన్నరోజే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోతాయి. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. ఒంటి మీద వేసుకోవడానికి కొనండి, పిల్లల ఫీజు కోసం మాత్రం కొనకండి.

నెల్లూరు పొదుపు సంఘం

మీరంతా వడ్డీ గురించే మాట్లాడుతున్నారు. పటమట అక్క అత్తగారు చెప్పింది వడ్డీ సంగతి కాదు. "కట్టక తప్పదు" అన్నారు. ఆ మాటకు ఎవరూ జవాబు ఇవ్వలేదు.

మా జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పొదుపు చేద్దామని మా ఊళ్లలో సంఘాలు పెట్టారు. మా అత్త అందులో ఉండేది. రూపాయికి ఎంత వడ్డీ వస్తుందని ఆనాడు ఎవరూ అడగలేదు. నెలకు ముప్పై రూపాయలు తెచ్చి అందరి ముందూ పెట్టాలి. తేకపోతే పదిమంది ముఖాలు చూడాలి. ఆ ముఖాల కోసమే కట్టారు.

ఇప్పుడు నేను అదే సంఘానికి లీడరును. చీటీకీ మాకూ తేడా ఎక్కడంటే, డబ్బు ఏ ఒక్కరి ఇంట్లోనూ ఉండదు. సంఘం పేరున బ్యాంకు ఖాతా ఉంది. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత అప్పు ఇచ్చామో తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు పెడతాం. నేను రేపు ఊరు విడిచి పోయినా డబ్బు పోదు.

మనిషికి భయపడి కట్టేదే పొదుపైతే, ఆ మనిషి చేతిలో డబ్బు పెట్టాల్సిన పని లేదు కదా. గుర్తు చేసేవాళ్లు పక్కింటివాళ్లు ఉండాలి, దాచేది బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండాలి. ఈ రెండూ ఒకరికే అప్పగించడం వల్లే చిలకలపూడి వాళ్లకు అంత నష్టం జరిగింది.

ఖమ్మం పచారీ కొట్టు

అక్కా, మీ మాట బాగుంది, కానీ మగవాళ్లకు సంఘం లేదు. అద్దె ఇళ్లు మారుతూ తిరిగేవాళ్లకూ కుదరదు. మా కొట్టు వెనక గదుల్లో ఉండే తాపీ కూలీలు శనివారం కూలి అందగానే వచ్చి "అన్నా, ఈ ఐదొందలు నీ దగ్గర ఉంచు" అంటారు. పోస్టాఫీసు తెరిచి ఉండే వేళకు వాళ్లు పనిలో ఉంటారు. వాళ్లకు నేనే పోస్టాఫీసును. నాకది గర్వమూ కాదు, లాభమూ కాదు, భయం. రేపు నాకేమైనా అయితే ఆ డబ్బు ఎవరిదని మా ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకే పేరుపేరునా రాసిన పుస్తకం ఒకటి పెట్టి మా ఆవిడకు చూపించాను.

కౌంటరు వెనక

తమ్ముడూ, వాళ్లకోసం ఒక మాట. పోస్టాఫీసు ఆర్డీకి ఇంటికి వచ్చి వసూలు చేసే మహిళా ఏజెంట్లు ఉంటారు. వాళ్ల కమిషన్ ప్రభుత్వం ఇస్తుంది, మన డబ్బులోంచి పోదు. నెలకు వంద రూపాయలతోనే ఖాతా తెరవవచ్చు. ఏజెంటు వచ్చినప్పుడల్లా పాస్‌బుక్కులో పడిందో లేదో చూసుకోవడం మాత్రం మరవకూడదు.

పటమట అమ్మాయికి కూడా: ఒక నెల తప్పితే నూటికి రూపాయి జరిమానా, అంతే. వరుసగా నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోపు పునరుద్ధరించుకోవచ్చు. 12 వాయిదాలు కట్టాక అందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. మూడేళ్లు దాటాక, ఐదేళ్లు నిండకముందే మూసేస్తే మాత్రం 6.7 రాదు, మామూలు పొదుపు ఖాతా వడ్డీ 4 శాతమే. కాబట్టి ఉన్నదంతా ఒకే ఖాతాలో వేయకండి. వెయ్యి, రెండు వేల చొప్పున విడివిడిగా తెరిస్తే అవసరానికి ఒకటి మూసినా మిగతావి నడుస్తాయి.

షార్జా నుంచి జగిత్యాల

నేను పదకొండేళ్లుగా ఇంటికి డబ్బు పంపిస్తున్నాను. ఇంట్లో ఏం మిగిలిందని అడిగితే ఏమీ లేదు. అన్నీ న్యాయమైన ఖర్చులే, ఒక్కటీ దుబారా కాదు. పోయిన ఏడాది నుంచి పంపే ముందే కొంత ఇక్కడే పక్కన పెట్టి, మిగిలిందే పంపుతున్నాను. మొదటి రెండు నెలలు ఇంట్లో గొడవైంది. తర్వాత ఆ మిగిలిందాంట్లోనే సర్దుకున్నారు. ఇంత డబ్బు వస్తుందంటే ఖర్చు అంతకు పెరుగుతుంది. నాకు తెలిసింది ఇంతే.

పటమట ఇల్లాలు

అందరికీ నమస్కారం. మీరు రాసినవన్నీ రాత్రి అత్తయ్యకు చదివి వినిపించాను. చిలకలపూడి వాళ్ల అమ్మగారి గాజుల దగ్గర ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. తన చిన్న కూతురి పెళ్లప్పుడు కూడా చీటీ ఒక నెల ఆలస్యమైందని, మామయ్యకు చెప్పకుండా గొలుసు తాకట్టు పెట్టారని నాకు మొదటిసారి చెప్పారు. ఇన్నాళ్లూ మాకు తెలియదు.

ఇంకా ఒక విషయంలో మాత్రం నేను మాస్టారితో ఏకీభవించలేను. ఆ 20 నెలలూ నేను కట్టగలిగింది చీటీ కాబట్టే. వడ్డీ అర్ధ రూపాయే అయినా ఆ 95 వేలు నా చేతికొచ్చాయి. చీటీ లేకపోతే వచ్చేవి కావు. ఆ బలం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదే నా బాధ. దానికి జవాబు నెల్లూరు అక్క ఇచ్చారు.

మూడు ఆర్డీలు తెరుస్తున్నాం, వెయ్యిది ఒకటి, రెండు వేలవి రెండు. వెయ్యిది అత్తయ్య పేరున. ఏజెంటు ఒకటో తారీఖున కాక ఐదున రావాలని అత్తయ్య అడిగారు. మావారికి జీతం పడేది నాలుగున. పాస్‌బుక్కులు మూడూ ఆవిడ బీరువాలోనే ఉంటాయి. ఐదో తారీఖు సాయంత్రం నేను కుట్టిన డబ్బు, ఆయన ఇచ్చిన డబ్బు ఆవిడ చేతికే ఇవ్వాలట. "మర్చిపోయాం అంటే నేను వినను" అన్నారు.

మొదటి వాయిదా వచ్చే నెల ఐదున.