వయల్ ఖాళీగా కనిపిస్తోంది, ప్రొటీన్ పాడైపోయినట్టేనా?

ప్రశ్న (నెల్లూరు, పీహెచ్‌డీ రెండో ఏడు)

అందరికీ నమస్తే. టీహెచ్‌పీ-1 కణాల (ల్యాబులో పెంచే మనిషి తెల్ల రక్తకణాల రకం) మీద ప్రయోగానికి మనిషి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా (వాపు పుట్టించే సంకేత ప్రొటీన్) 10 మైక్రోగ్రాములు తెప్పించుకున్నాం. ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిన పొడి. రోహిణి కార్తె ఎండల్లో చెన్నై నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. పార్సిల్ విప్పితే జెల్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి. వయల్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే లోపల ఏమీ లేదు. మూత ఇంకా తియ్యలేదు. మళ్లీ కొనడానికి గ్రాంటులో డబ్బుల్లేవు. గైడ్ గారికి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు (కావలి, పద్నాలుగేళ్లుగా ప్రొటీన్ ల్యాబులో)

మూత తియ్యకుండా అడిగావు, అదే మంచి పని చేశావమ్మా. 10 మైక్రోగ్రాములంటే కంటికి ఆనదు. గాజుకి పల్చటి పొరలాగా అంటుకోనుంటుంది, కొంత మూతకి కూడా. ముందు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి పొడిని అడుక్కి దించే యంత్రం) అర నిమిషం తిప్పు, తర్వాతే మూత.

ఎండ సంగతికొస్తే, తేమ తగలని పొడి రెండు రోజుల వేడికి మామూలుగా తట్టుకుంటుంది. అసలు గండం నీళ్లు పోశాక మొదలవుతుంది. పొడితో వచ్చిన కాగితంలో ఏ ద్రవంలో కలపమన్నారో చూసి, 100 మైక్రోలీటర్లు పోసి పది నిమిషాలు వదిలెయ్. వోర్టెక్స్ (గొట్టాన్ని గట్టిగా కుదిపే యంత్రం) మీద పెట్టొద్దు, నురగ వస్తే ప్రొటీన్ చెడుతుంది. 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రొటీన్) కలిపితే గొట్టం గోడకి అంటుకోని పోయేది తగ్గుతుంది. పది మైక్రోలీటర్ల చొప్పున పది గొట్టాలు చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టు. ఒక్కో గొట్టంలో 1 మైక్రోగ్రాము ఉంటుంది, మిల్లీలీటరుకి 10 నానోగ్రాముల లెక్కన 100 మిల్లీలీటర్ల మీడియాకి (కణాలు పెరిగే ద్రవం) చాలు. మిగిలింది మళ్లీ గడ్డకట్టించొద్దు.

నేను కొత్తల్లో ఐఎల్-2 అనే ఇంకో సంకేత ప్రొటీన్ మొత్తం ఒకే గొట్టంలో కలిపి, ఐసు పట్టని రకం ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. అది తనంతట తనే వేడెక్కి ఐసు కరిగించుకునే రకం, ఆ వేడికి ప్రొటీన్ కరిగి గడ్డకట్టి చెడిపోతూ వచ్చింది. మూణ్ణెల్లు రీడింగు రోజుకొక తీరు. కణాలనే తప్పుపట్టాను. ఆ మూణ్ణెల్ల పని పారేసుకున్నందుకు ఇప్పటికీ బాధే.

ఇంకొక్క మాట, నాకు ఇదే ముఖ్యం. ఈ.కోలై సరుకులో ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా పైపొరలో ఉండే విషపదార్థం) మిగిలుంటే, టీఎన్‌ఎఫ్ పనిచెయ్యకపోయినా నీ కణాలు స్పందిస్తాయి. కొంచెం తీసి 95 డిగ్రీల్లో పది నిమిషాలు కాచి, దాన్నీ పక్కన పెట్టి చూడు. ప్రొటీన్ చస్తుంది, ఎండోటాక్సిన్ ఆ వేడికి చావదు. కాచింది కూడా పనిచేస్తే నీ రిజల్ట్ టీఎన్‌ఎఫ్‌ది కాదు.

జవాబు (ఒంగోలు)

ఈ.కోలైలో చేసిందని దిగులుపడకండి. 1982లో అమెరికాలో అనుమతి వచ్చిన మనిషి ఇన్సులిన్ కూడా ఈ.కోలై చేసిందే. ప్రొటీన్ మీద చక్కెర గొలుసులు తప్పనిసరైన ఎరిత్రోపాయిటిన్ (ఎర్ర రక్తకణాలు పెంచే హార్మోన్) లాంటివాటికే సీహెచ్‌ఓ కణాలు (ల్యాబులో పెంచే హ్యామ్‌స్టర్ కణాలు) కావాలి.

జవాబు (కనిగిరి)

ల్యాబు మనిషిని కాదు. మా అమ్మకి డయాలసిస్ చేస్తున్నారు, రక్తం కోసం ఎరిత్రోపాయిటిన్ సూది వేస్తారు. పరిశోధన కోసం అమ్మే వయల్ తెప్పించుకుంటే పనికొస్తుందా అన్నా?

జవాబు (కావలి)

వద్దు తమ్ముడూ, ఎవరు చెప్పినా వెయ్యొద్దు. అది సూదిమందు నియమాల ప్రకారం తయారైంది కాదు. మనిషి ఒంట్లోకి పోయే మందుకి ప్రతి బ్యాచీ సూక్ష్మజీవులు లేకుండా ఉందో లేదో పరీక్షిస్తారు, మోతాదు యూనిట్లలో కొలుస్తారు. ల్యాబు వయల్‌కి ఆ పూచీ లేదు, అందుకే దాని మీద పరిశోధనకి మాత్రమే అని రాస్తారు. సూది దొరకడం కష్టమైతే డయాలసిస్ చేసే డాక్టరుగారినే అడుగు. అమ్మ హిమోగ్లోబిన్ ఎంతుందో ఇక్కడ రాయి, ఆయన్ని ఏమేం అడగాలో చెప్తాను.